ఆరోది ఉందా? యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలపై ఒక సమీక్ష

146361946186458562560000. ఈ ఇరవై నాలుగు అంకెల సంఖ్య మన లెక్కలో దాదాపు 146 కోటి కోటి కోట్లు. చార్లెస్ ఆర్. వాల్ అనే గణితవేత్త 1969లో దీన్ని ప్రకటించాడు. చాలా చిన్న జాబితా ఒకదానిలో ఇది ఐదోది. దీనికి ముందున్నవి 6, 60, 90, 87360. వీటిని యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలు అంటారు. ఆరోది ఇంతవరకు దొరకలేదు. లేదని ఎవరూ నిరూపించనూ లేదు.

మొదటి నాలుగింటినీ పట్టుకుని ఈ ప్రశ్నను గణిత లోకం ముందు పెట్టిన ఇద్దరిలో ఒకరు గుంటూరు జిల్లా యాజలిలో పుట్టిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు. అది 1966 నాటి మాట. అప్పటినుంచి ఈ ప్రశ్న చుట్టూ ఫలితాలు, ఊహలు, నమ్మకాలు పేరుకుంటూ వచ్చాయి. వాటిలో నిరూపితమైనది ఏది, నమ్మకం మాత్రమే అయినది ఏది, ఎవరికీ దొరకలేదు కనుక లేదనుకుంటున్నది ఏది అన్న తేడా తరచు చెరిగిపోతోంది. ఆ మూడింటినీ విడదీసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

భాజకాల్లో ఒక ఎంపిక

తనకంటే చిన్నవైన తన భాజకాలన్నిటినీ కూడితే మళ్లీ అదే సంఖ్య వస్తే దాన్ని పరిపూర్ణ సంఖ్య అంటాం. 1+2+3 కలిపితే 6. 1+2+4+7+14 కలిపితే 28. ఆ తర్వాతివి 496, 8128. ఈ నాలుగూ గ్రీకుల కాలం నుంచి తెలిసినవే.

యూనిటరీ లెక్కలో భాజకాలన్నిటినీ తీసుకోరు. ఒక సంఖ్యను రెండు సంఖ్యల లబ్ధంగా రాసినప్పుడు, ఆ రెండింటికీ 1 తప్ప మరో ఉమ్మడి భాజకం లేకపోతేనే వాటిని లెక్కలోకి తీసుకుంటారు. 12ను 2 × 6 గా రాస్తే రెండు వైపులా 2 ఉంది, కాబట్టి 2, 6 రెండూ పక్కకు పోతాయి. 3 × 4 గా రాస్తే పేచీ లేదు. అంటే 12కు యూనిటరీ భాజకాలు 1, 3, 4, 12 మాత్రమే. నియమం సులువు. ఒక ప్రధానాంకం ఆ సంఖ్యలో ఎన్నిసార్లు ఉందో అన్నిసార్లూ ఒకే వైపు ఉండాలి. 4ను చీల్చి ఒక 2ను ఇటు, మరో 2ను అటు పంచకూడదు. అలా విడదీయరాని ప్రధానాంక ఘాతాన్ని ఇక్కడ ఖండం అందాం.

60లో ఖండాలు 4, 3, 5. దాని యూనిటరీ భాజకాలు 60 కాక 1, 3, 4, 5, 12, 15, 20. వీటి మొత్తం సరిగ్గా 60. మామూలు భాజకాలన్నిటినీ కూడితే 108 వచ్చి ఉండేది. 28 సంగతి దీనికి ఎదురు. మామూలు లెక్కలో అది పరిపూర్ణం, యూనిటరీ లెక్కలో దాని మొత్తం 1+4+7, అంటే 12 దగ్గరే ఆగిపోతుంది.

ఇంత కూడిక చేయనక్కరలేకుండా ఒక దగ్గరి దారి ఉంది. ప్రతి ఖండానికీ 1 కలిపి, అన్నిటినీ గుణిస్తే యూనిటరీ భాజకాలన్నిటి మొత్తం వచ్చేస్తుంది. 60కి (4+1) × (3+1) × (5+1) = 120. ఇందులో 60 కూడా చేరి ఉంది కనుక, మొత్తం మూల సంఖ్యకు రెట్టింపైతే ఆ సంఖ్య యూనిటరీ పరిపూర్ణం. ఇక ముందు వచ్చే వాదాలన్నీ ఈ ఒక్క సూత్రం మీదే నిలబడి ఉన్నాయి.

మద్రాసు నుంచి ఎడ్మంటన్ దాకా

ఈ రకం భాజకాలను ఎక్కువమంది ఎక్‌ఫోర్డ్ కోహెన్ 1960లో రాసిన పత్రంతో జతచేస్తారు. యూనిటరీ అనే పేరు స్థిరపడింది అక్కడే. కానీ భావన అంతకంటే పాతది. మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆర్. వైద్యనాథస్వామి 1931లో, గుణకార లక్షణమున్న అంకగణిత ప్రమేయాల మీద రాసిన సుదీర్ఘ పత్రంలో, వీటినే బ్లాక్ భాజకాలు అని పరిచయం చేశారు. సుబ్బారావు పరిశోధన చేసింది ఆయన దగ్గరే. ఆ పరిశోధన అంశం ప్రమేయ విశ్లేషణ, సంఖ్యాశాస్త్రం కాదు. అయినా గురువు నాటిన భావన శిష్యుడి చేతుల్లో కొత్త సమస్యగా మారడం యాదృచ్ఛికమని నేననుకోను.

సుబ్బారావు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో పనిచేసి, 1963లో కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఎల్. జె. వారెన్‌తో కలిసి 1966లో రాసిన పత్రంలో 6, 60, 90, 87360లను ఇచ్చారు. బేసి సంఖ్యల్లో ఇలాంటిది ఒక్కటీ ఉండదని నిరూపించారు. ఖండాల సంఖ్యను ముందే నిర్ణయించుకుంటే అన్ని ఖండాలున్న యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలు పరిమితమేనని కూడా చూపారు.

మూడేళ్ల తర్వాత వాల్ ఐదో సంఖ్యను ప్రకటించాడు. 87360కీ దీనికీ మధ్య మరొకటి లేదని, అంటే వరుసలో ఇది నిజంగానే ఐదోదని చూపడానికి ఆయనకు మరికొన్నేళ్లు పట్టింది. ఆ నిరూపణ 1975లో అచ్చయింది. ఈలోగా 1970లో సుబ్బారావు, ఇవి అనంతంగా ఉన్నాయా అని సూటిగా అడుగుతూ ఒక చిన్న పత్రం రాశారు. పరిమితమేనన్నది ఆయన ఊహ. దీన్ని అటో ఇటో తేల్చినవారికి గణితవేత్తలు కార్లిట్జ్, ఎర్డోష్, సుబ్బారావు కలిసి 10 డాలర్లు, కొత్తగా దొరికే ఒక్కో సంఖ్యకు సుబ్బారావు 10 సెంట్లు బహుమతి ప్రకటించారు. సుబ్బారావు 2006లో ఎడ్మంటన్‌లో కన్నుమూశారు. ప్రశ్న అలాగే ఉంది.

ఐదో సంఖ్య లోపల

ఇవి పరిమితమా కాదా అన్న వివాదంలో రెండు పక్షాలూ సాక్షిగా పిలిచేది ఈ ఇరవై నాలుగు అంకెల సంఖ్యనే. కాబట్టి దాన్ని విప్పి చూడటం అవసరం. దాని కారణాంకాలు ఇవి:

2¹⁸ × 3 × 5⁴ × 7 × 11 × 13 × 19 × 37 × 79 × 109 × 157 × 313

మొత్తం పన్నెండు ఖండాలు. మామూలు భాజకాలు 97,280 ఉంటే, యూనిటరీ భాజకాలు 4,096. ఇప్పుడు ప్రతి ఖండానికీ 1 కలిపి చూద్దాం.

2¹⁸కి 1 కలిపితే 262145. అది 5 × 13 × 37 × 109. ఈ నాలుగు ప్రధానాంకాలూ మూల సంఖ్యలో ఉండి తీరాలి. 13కి 1 కలిపితే 14, అందులోంచి 7 వస్తుంది. 37కి కలిపితే 38, అందులోంచి 19 వస్తుంది. 109కి కలిపితే 110. అందులోంచి 11, ఒక 5 వస్తాయి. 19 ఇచ్చే 20లో మరో 5 ఉంది. 11 ఇచ్చే 12లో 3 ఉంది. 7 ఇచ్చే 8లో, 3 ఇచ్చే 4లో 2 తప్ప ఇంకేమీ లేదు, ఆ కొమ్మలు అక్కడితో ముగుస్తాయి.

ఇంతవరకు 5 మూడుసార్లు వచ్చింది. 262145లోంచి ఒకటి, 110లోంచి ఒకటి, 20లోంచి ఒకటి. మరి ఖండం 5³ అని ఆగిపోవచ్చు కదా? ఆగితే 125కి 1 కలిపి 126 వస్తుంది. అందులో రెండు 3లు, మరో 7 ఉన్నాయి, లెక్క తప్పుతుంది. 5⁴ అనుకుంటే 625కి 1 కలిపి 626, అంటే 2 × 313. 313 ఇచ్చేది 314, అంటే 2 × 157. 157 ఇచ్చేది 158, అంటే 2 × 79. 79 ఇచ్చేది 80, అంటే 2⁴ × 5. కావలసిన నాలుగో 5 అక్కడ దొరికింది. 5⁴ అని ఎంచుకున్నందువల్లే ఆ నాలుగో 5 పుట్టింది. అది పుట్టినందువల్లే 5⁴ అన్న ఎంపిక చెల్లింది. సంఖ్యాశాస్త్రంలో ఇంత అందమైన అమరిక అరుదు.

చివరగా 2ల లెక్క. మూల సంఖ్యలో పద్దెనిమిది ఉన్నాయి, రెట్టింపు కావాలి కనుక పంతొమ్మిది రావాలి. 3, 5⁴, 7, 11, 13, 19, 37, 79, 109, 157, 313 వరసగా ఇచ్చే 2లు: 2, 1, 3, 2, 1, 2, 1, 4, 1, 1, 1. కూడితే పంతొమ్మిది. ఒక్కటి ఎక్కువా కాదు, తక్కువా కాదు.

వాల్ దీన్ని ఒక్కొక్క సంఖ్యనూ పరీక్షిస్తూ పోయి చేరుకోలేదు. ఇరవై నాలుగు అంకెల దాకా అలా లెక్కించడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. 2 ఘాతాన్ని ఎంచుకుని, దాని వెంట తప్పనిసరిగా వచ్చే ప్రధానాంకాలను ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ, వల మూసుకుంటుందా లేదా అని చూడటమే దారి. చాలా ఘాతాలకు అది మూసుకోదు. 2³తో మొదలుపెడితే ఏమవుతుందో చూడండి. 8కి 1 కలిపి 9 వస్తుంది, అంటే కనీసం రెండు 3లు కావాలి. ఖండం 3² అనుకుంటే 10 వచ్చి 5ను తెస్తుంది. ఆ 5ను చేరిస్తే 6 వచ్చి మూడో 3ను తెచ్చి లెక్క చెడగొడుతుంది. 5 బదులు 5² చేరిస్తే 26లోంచి 13, 13 ఇచ్చే 14లోంచి 7, 7 ఇచ్చే 8లోంచి మూడు 2లు వస్తాయి. మొత్తం ఆరు 2లు పోగవుతాయి, చెల్లేవి నాలుగే. 3³ అనుకుంటే 28లో రెండు, అది తెచ్చిన 7 ఇచ్చే 8లో మూడు, మొత్తం అయిదు. అదీ చెల్లదు. ఇలా ఏదో ఒక ప్రధానాంకం ఎక్కువై గానీ, 2లు మించిపోయి గానీ దారులు మూతపడుతూ ఉంటాయి.

పరిమితమే అనే వాదం

సుబ్బారావు ఊహను సమర్థించేవారి చేతిలో ఉన్న ఫలితాలు తక్కువేమీ కావు. వాటిలో మొదటిది అందరికీ అర్థమయ్యేది. సంఖ్య బేసి అనుకుందాం. ప్రతి బేసి ఖండానికీ 1 కలిపితే సరి సంఖ్య వస్తుంది. ఎన్ని ఖండాలుంటే లబ్ధంలో కనీసం అన్ని 2లు చేరతాయి. బేసి సంఖ్యకు రెట్టింపులో ఉండేది ఒకే ఒక్క 2. కాబట్టి ఖండం ఒక్కటే ఉండాలి. ఒక ఖండానికి 1 కలిపితే అది రెట్టింపు కావాలంటే ఆ ఖండం 1 అయి తీరాలి. అది కుదరదు. వాదం అక్కడితో పూర్తి.

ఇదే తర్కం సరి సంఖ్యలకూ ఒక కట్టడి వేస్తుంది. 2 ఘాతం 18 అయితే బేసి ఖండాలు 19కి మించకూడదు, ఘాతం 100 అయితే 101కి మించకూడదు. ఖండాల సంఖ్యకు హద్దు దొరికింది కనుక, 2 ఘాతం ఏదో ఒకటి నిర్ణయించుకుంటే దానితో మొదలయ్యే యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలు పరిమితమే.

ఈ పరిమితి ఎంత పెద్దదో జపాన్ గణితవేత్త తకేషి గోటో 2007లో అంకెల్లో చూపాడు. ఖండాల సంఖ్యను 2 మీద ఘాతంగా వేసి, వచ్చినదాన్ని మళ్లీ 2 మీద ఘాతంగా వేస్తే వచ్చేదే హద్దు. మూడు ఖండాలుంటే సంఖ్య 2⁸, అంటే 256 లోపే ఉండాలి. 60, 90 ఆ లోపలే ఉన్నాయి. అయిదు ఖండాలున్న 87360కి హద్దు 2³², దాదాపు 429 కోట్లు. పన్నెండు ఖండాలకు 2⁴⁰⁹⁶, అంటే 1,234 అంకెల సంఖ్య.

మిగిలిన ఫలితాలు వెతకాల్సిన చోటును కుదిస్తూ వచ్చినవి. బేసి ఖండాలన్నీ ఒట్టి ప్రధానాంకాలే అయితే, అంటే వర్గాలూ ఘనాలూ ఏవీ లేకపోతే, 6, 60, 87360 తప్ప మరొకటి ఉండదని ఎస్. డబ్ల్యు. గ్రాహం 1989లో నిరూపించాడు. అంతకు ముందు ఏడాది వాల్, కొత్తది ఏది దొరికినా అందులో బేసి ఖండాలు కనీసం తొమ్మిది ఉంటాయని చూపాడు. 3తో భాగించబడని యూనిటరీ పరిపూర్ణ సంఖ్య ఉంటే అది 10⁴⁴⁰ని మించిపోవాలని ఫ్రే 1978లోనే లెక్కగట్టాడు. దీని వెనకున్న కారణం ఆసక్తికరమైనది. 3 ఉండకూడదంటే 5ను ఒంటరిగా చేర్చలేం, 5+1లో 3 ఉంది. 11నూ చేర్చలేం, 12లో 3 ఉంది. చిన్న ప్రధానాంకాల్లో సగం అలా దూరమైపోతే, మిగతావాటితో రెట్టింపు దాకా చేరడానికి వందకు పైగా ప్రధానాంకాలు కావాలి.

కొరతను నమ్మరాదనే వాదం

ఇన్ని కట్టుబాట్లు చూశాక అయిదుతో జాబితా ముగిసిందని అనిపించడం సహజం. రెండో పక్షంవారు ఇక్కడే ఆపుతారు. 1966లో జాబితా చూసినవారికి నాలుగుతో ముగిసిందని అనిపించలేదా? నాలుగోది అయిదంకెల సంఖ్య, అయిదోది ఇరవై నాలుగంకెలది. రెండింటి మధ్య ఒక్కటీ లేదు. అయిదోది నాలుగోదానికంటే 10¹⁸ రెట్లకు పైగా పెద్దది. ఆరోది అదే తరహాలో దూరంగా ఉంటే, మనకు ఇంకా దొరకకపోవడంలో వింతేముంది?

సంఖ్యాశాస్త్ర చరిత్ర ఈ హెచ్చరికకు బలమిస్తుంది. ఒక హద్దు దాకా ఉన్న సంఖ్యల్లో, పునరావృతాలతో సహా బేసి సంఖ్యలో ప్రధాన కారణాంకాలున్నవే ఎప్పుడూ సగానికి తగ్గకుండా ఉంటాయని గణితవేత్త పోల్యా 1919లో ఊహించాడు. చేతితో ఎంత దూరం లెక్కించినా అది నిలబడింది. హాసెల్‌గ్రోవ్ 1958లో అది తప్పని నిరూపించాడు. మొదటిసారి తప్పేది 90 కోట్ల 61 లక్షల 50 వేల 257 దగ్గర అని 1980లో తేలింది. యూనిటరీ సంఖ్యల విషయంలో మనం చూసింది చాలా తక్కువ దూరమేనని రెండో పక్షం అంటుంది, చూసిన కొద్ది దారులూ చిన్న ఘాతాలతో మొదలైనవేనని.

ఇందుకు ఒక ఆచరణాత్మక కారణమూ ఉంది. వెతుకులాట మొదలయ్యేది 2 ఘాతానికి 1 కలిపిన సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడంతో. ఘాతం పెరిగేకొద్దీ ఆ పని దుర్భరమవుతుంది. కన్నింగ్‌హామ్, వుడాల్ ఇలాంటి సంఖ్యల కారణాంకాల పట్టికలు 1925లో వేశారు. ఆ పట్టికలను పొడిగించే పని ఈనాటికీ కంప్యూటర్లతో సాగుతూనే ఉంది. ఘాతం కొన్ని వేలు దాటితే మొదటి మెట్టే ఎక్కలేం. అంటే మనం ఆరోదాన్ని వెతికి లేదని తేల్చుకున్నది చాలా చిన్న మేర.

నా దృష్టిలో ఈ రెండు వాదాలూ ఒకే బరువున్నవి కావు. ఎంతకాలమైనా దొరకకపోవడాన్ని సాక్ష్యంగా చూపడం బలహీనమైన వాదమే, ఆ మేరకు రెండో పక్షం మాట నిజం. అయితే మొదటి పక్షం అసలు బలం అక్కడ లేదు. 2లు మించకూడదన్న కట్టడి, ప్రతి ప్రధానాంకమూ వచ్చినన్నిసార్లే ఉండాలన్న కట్టడి, రెండూ ఒకేసారి అమలవుతాయి. ఖండాలు పెరిగేకొద్దీ కలిసిరావలసిన యాదృచ్ఛికాలూ పెరుగుతాయి. ఐదో సంఖ్యలో 5⁴ చుట్టూ తిరిగిన ఆ అమరికను చూస్తే, అలాంటివి పదేపదే జరుగుతాయని ఆశించడం కష్టం. సుబ్బారావు ఊహ నిజమయ్యే అవకాశమే ఎక్కువని నా అభిప్రాయం. ఊహ నిజమైనంత మాత్రాన జాబితా అయిదుతో ఆగిపోయిందని కాదు. పరిమితం అంటే అయిదే అని అర్థం కాదు. ఆరు కావచ్చు, అరవై కావచ్చు. ఈ తేడాను చాలా రాతలు పట్టించుకోవు.

భాజకం మారితే జాబితా మారుతుంది

ఈ సమస్య ఎక్కడ నిలుస్తుందో తెలియాలంటే దాని చుట్టాలను పక్కన పెట్టి చూడాలి.

మామూలు పరిపూర్ణ సంఖ్యలతో పోలిస్తే పరిస్థితి పూర్తిగా తలకిందులు. అక్కడ సరి సంఖ్యల సంగతి తెలుసు. వాటిని తయారుచేసే పద్ధతి యూక్లిడ్ ఇచ్చాడు, మరో రకం సరి పరిపూర్ణ సంఖ్య ఉండదని పద్దెనిమిదో శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు. ప్రతి మెర్సెన్ ప్రధానాంకానికీ, అంటే 2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే ప్రధానాంకానికీ, ఒకటి చొప్పున ఉంటుంది. 2024 అక్టోబరులో ప్రకటించిన, తెలిసినవాటిలో 52వ మెర్సెన్ ప్రధానాంకంలో 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలున్నాయి. బేసివాటి సంగతే అక్కడ తెగలేదు. ఒకటి ఉంటే అది 10¹⁵⁰⁰ని మించిపోవాలని ఓషెమ్, రావ్ 2012లో చూపారు. యూనిటరీ లోకంలో బేసివాటి సంగతి నాలుగు వాక్యాల్లో తెగిపోయింది, సరివాటికే సూత్రం లేదు. ఒకచోట అనంతంగా ఉన్నాయని ఎక్కువమంది నమ్ముతున్నారు, మరోచోట పరిమితమని నమ్ముతున్నారు. రెండు నమ్మకాలకూ నిరూపణ లేదు.

బై-యూనిటరీ భాజకాల కథ వేరు. ఈ భావనను 1970ల మొదట్లో ప్రవేశపెట్టింది వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన డి. సూర్యనారాయణ. సంఖ్యను రెండు కారణాంకాలుగా విడగొట్టినప్పుడు ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న యూనిటరీ భాజకం 1 ఒక్కటే కావాలన్నది ఇక్కడి నియమం. చూడటానికి చిన్న మార్పు. కానీ ఈ లెక్కలో పరిపూర్ణమైనవి 6, 60, 90 మూడే మూడని వాల్ 1972లో పూర్తిగా నిరూపించేశాడు. యూనిటరీ సమస్య కూడా ఒకనాడు ఇలాగే తేలుతుందన్న ఆశకు పెద్ద ఆధారం ఇదే. సూర్యనారాయణే 1969లో, భాజకాల మొత్తానికి మళ్లీ భాజకాల మొత్తం తీస్తే మూల సంఖ్యకు రెట్టింపయ్యేవాటిని సూపర్ పరిపూర్ణ సంఖ్యలుగా నిర్వచించారు. 16 అలాంటిది. దాని భాజకాల మొత్తం 31, 31 భాజకాల మొత్తం 32. సరివాటి సంగతి ఇక్కడా మెర్సెన్ ప్రధానాంకాలకే ముడిపడింది.

ఎదురు దిశలో వెళ్లినవాడు గ్రేమ్ కోహెన్. ఆయన 1990లో ఇన్ఫినిటరీ భాజకాలనే నిర్వచనం ఇచ్చాడు. అందులో ఖండాన్ని కూడా ఒక క్రమంలో చీల్చనిస్తారు. 27ను 3 × 9 గా చూసి (3+1) × (9+1) అని లెక్కిస్తారు. ఈ లెక్కలో 6, 60, 90 తర్వాత 36720 వస్తుంది, అక్కడినుంచి జాబితా చురుగ్గా పెరుగుతుంది. నియమం కొంచెం సడలితే సంఖ్యలు సులువుగా దొరుకుతున్నాయి, కొంచెం మారితే మూడింటి దగ్గరే తలుపు మూసుకుంటోంది. యూనిటరీ నిర్వచనం ఈ రెండింటి నడుమ ఇరుక్కుంది. ఆ సమస్య తేలకపోవడానికి మూలం బహుశా అక్కడే ఉంది.

ఇది పట్టించుకోదగిన ప్రశ్నేనా?

ఇలాంటి సమస్యలను కాలక్షేప గణితంగా కొట్టిపారేసేవారు ఎప్పుడూ ఉన్నారు. గణితవేత్త హార్డీ తన ప్రసిద్ధ గ్రంథంలో 8712, 9801ల ప్రత్యేకతను ఉదహరించి, గంభీర గణితానికి అందులో పట్టుకోవడానికి ఏమీ లేదన్నాడు. ఆ రెండూ తిరగరాసిన సంఖ్యకు గుణిజాలు. దశాంశ పద్ధతిలో రాసినంతకాలమే ఆ లక్షణం ఉంటుంది, వేరే ఆధారంలో రాస్తే మాయమవుతుంది. యూనిటరీ పరిపూర్ణతకు ఆ దోషం లేదు. ఏ పద్ధతిలో రాసినా ఆ అయిదూ అలాగే ఉంటాయి. పైగా ఇది వైద్యనాథస్వామి కట్టిన ఒక సాధారణ సిద్ధాంతంలోంచి సహజంగా పుట్టిన ప్రశ్న. కూడికకూ గుణకారానికీ మధ్య సంబంధమే ఇందులోని చిక్కు. ఒక సంఖ్య కారణాంకాలు తెలిసినా, దానికి 1 కలిపితే వచ్చేదాని కారణాంకాల గురించి మనకు దాదాపు ఏమీ తెలియదు. ఆ అజ్ఞానం సంఖ్యాశాస్త్రంలో ఎన్నో పెద్ద సమస్యలకు అడ్డుపడుతున్నదే.

తేలవలసినవి

ఇంతకూ మిగిలిన ప్రశ్నలు ఏవి? 3తో భాగించబడని యూనిటరీ పరిపూర్ణ సంఖ్య ఒక్కటైనా ఉందా అన్నది ఒకటి. ఫ్రే హద్దు చాలా పెద్దదే, కానీ అది లేదనడానికి సరిపోదు. బేసి ఖండాల్లో ఒక్కటే ఒట్టి ప్రధానాంకం కాకుండా ఉన్నవాటి సంగతి మరొకటి. 90లో 3², ఐదో సంఖ్యలో 5⁴ ఇలాంటివే. గ్రాహం నిరూపణను ఈ రకానికి పొడిగించగలిగితే, తెలిసిన అయిదింటినీ కలుపుకునే సిద్ధాంతం ఒకటి చేతికొస్తుంది. ఇది పెద్ద ఊహకంటే అందుబాటులో ఉన్న లక్ష్యమని నాకు తోస్తుంది. డిగ్రీ, పీజీ స్థాయి విద్యార్థులకు సమస్యను పరిచయం చేయడానికీ ఇదే తగిన ద్వారం. ఎందుకంటే ఐదో సంఖ్యను సరిచూడటానికి పదో తరగతి గణితం చాలు, అక్కడినుంచి పరిశోధన అంచుకు దూరం ఎక్కువ కాదు.

అన్నిటికంటే కీలకమైనది ఒకటుంది. ఖండాల సంఖ్య ఎంతని చెబితే సంఖ్యకు హద్దు చెప్పగలం. 2 ఘాతం ఎంతని చెబితే ఖండాలకు హద్దు చెప్పగలం. కానీ ఖండాలకు గానీ ఘాతానికి గానీ ఏ షరతూ లేని హద్దు ఇంతవరకు ఎవరూ చూపలేదు. సుబ్బారావు ఊహ మొత్తం ఆ ఒక్క హద్దు దగ్గరే ఆగి ఉంది. ఆరో సంఖ్య కోసం యంత్రాలతో సాగే వెతుకులాట ఊహను నిరూపించలేదు. ఒకవేళ అది దొరికినా ఊహ కూలదు. బేసి ఖండాలు ఇన్నింటికి మించవని ఎవరైనా నిరూపించిన రోజున గోటో సిద్ధాంతం మిగతా పని పూర్తిచేస్తుంది, సుబ్బారావు ఊహ ఆ రోజే సిద్ధాంతమవుతుంది.